దెబ్బల ఫొటో

నాకు కోపం ఎక్కువ. పలాసలో నన్నెరిగిన ఎవరిని అడిగినా ఈ మాట చెబుతారు, అడక్కపోయినా చెబుతారు. జీడిపప్పు ఫ్యాక్టరీలో మిషన్లు బాగుచెయ్యడం నా పని. కటింగు మిషను మొరాయిస్తే ముందు దాన్ని ఒక తన్ను తన్ని, ఆ తర్వాతే స్పానరు అందుకుంటాను. ఇలాంటి మనిషికి పాత ఫిల్ము కెమెరాల పిచ్చి ఎలా పట్టిందని జనం వింతపడతారు. ఆవగింజంత మరలు, ఉల్లిపొర లాంటి రేకులు, ఊపిరి బిగపట్టి చెయ్యాల్సిన పని అది. నాకూ వింతే. ఆ పని ముందు కూర్చున్నంతసేపు నేను మనుషుల మీద అరవను కాబట్టి ఇంట్లోవాళ్లకు మాత్రం ఆ కాసేపు హాయి.

కెమెరాల మీద అరుస్తాను. కోటబొమ్మాళి సంతలో పాత ఇనుము కుప్పలోంచో, సోంపేటలో మూసేసిన స్టూడియో అటక మీంచో, తుఫానుకు నీళ్లు చేరిన ఇంటి ట్రంకుపెట్టెలోంచో బయటపడ్డ కెమెరాలు అవి. సముద్రపు గాలికి లెన్సు మీద బూజు పాకుతుంది, తోలు ఊడుతుంది, మరలు తుప్పు పట్టి బిగుసుకుపోతాయి. వాటితో నేను మాట్లాడే మాటలు ఇక్కడ రాయలేను. ఒకసారి ఒక డబ్బా కెమెరా మర ఎంతకీ ఊడిరాలేదని దాన్ని గుమ్మానికేసి బాదాను. మర ఊడింది, కెమెరా రెండు ముక్కలైంది. అప్పటికి మా అమ్మాయి చిన్నపిల్ల. వాళ్లమ్మ చీర వెనక దాక్కుంది. వాళ్లమ్మ చీపురు తెచ్చి ముక్కలు ఊడ్చింది.

నా భార్య నా మేనమామ కూతురు. కంచిలి అవతల కొబ్బరితోటల్లో వాళ్ల ఊరు. ఆమె కూడా మా ఫ్యాక్టరీలోనే, కటింగులో కూర్చుంటుంది. జీడిపిక్కను కోసేటప్పుడు చిమ్మే రసం చర్మాన్ని కాల్చేస్తుంది కాబట్టి అక్కడి ఆడవాళ్లంతా పని మొదలుపెట్టే ముందు చేతులకు నూనె పట్టిస్తారు. ఆమెకు పుట్టింటి నుంచి కొబ్బరి నూనె డబ్బాలతో వస్తుంది. తలకు అదే, కాలిన వేలికి అదే, బిగుసుకున్న గొళ్లేనికి అదే, కుట్టుమిషనుకు అదే. కదలనిది ఏదైనా ఉంటే కొబ్బరి నూనె వేస్తే కదులుతుందని ఆ ఉద్దానం కొబ్బరితోటల్లో పుట్టిన ఆడవాళ్లకు గట్టి నమ్మకం. చాలాసార్లు కదులుతుంది కూడా.

ఆ రెండు కళ్ల కెమెరా నాకు టెక్కలిలో దొరికింది. ముందువైపు ఒకదాని మీద ఒకటి రెండు లెన్సులుంటాయి, పైన మూత తెరిచి లోపలి అద్దంలోకి కిందికి చూస్తూ ఫొటో తియ్యాలి. దాన్ని అమ్మినాయన ముసలాయన. స్టూడియోను కొడుకులు సెల్‌ఫోన్ల షాపు చేసేస్తే ఆయన సామానంతా ఒక మూల గోనెసంచిలో ఉంది. కెమెరా నా చేతికిస్తూ అన్నాడు:

"ఇది పెళ్లిళ్లు తక్కువే సూసింది బాబూ. దెబ్బలే ఎక్కువ సూసింది."

మా వైపు ఒక అలవాటు ఉండేది. తోటల్లో గట్టు తగాదా వచ్చినా, ఇంట్లో అన్నదమ్ములు కొట్టుకున్నా, తల పగిలినవాడు ముందు స్టూడియోకి వెళ్లేవాడు. నెత్తురు తుడుచుకోకుండా తెర ముందు నిలబడి ఫొటో తీయించుకొని ఆ తర్వాత డాక్టరు దగ్గరికి వెళ్లేవాడు. పెద్దమనుషులు కూర్చున్నప్పుడు ఆ ఫొటో మధ్యలో పెట్టేవాళ్లు. దాన్ని దెబ్బల ఫొటో అంటారు. ఫొటో లేకపోతే దెబ్బ మానిపోయాక అవతలివాడు అసలు ముట్టుకోనే లేదని దబాయించేవాడు. ఇప్పుడు సెల్‌ఫోన్లొచ్చి స్టూడియోల దాకా వెళ్లడం పోయింది.

"ఒకడు దెబ్బ సిన్నదయిపోనాదని కోడి నెత్తురు రాసుకొచ్చినాడు," అన్నాడు ముసలాయన. "కోడీక కూడా నుదుటికి అతుక్కునే ఉంది. తీసీరా నాయినా అంటే, ఉండనీ, బాగుంది అన్నాడు."

పొట్ట పట్టుకొని నవ్వాను. ఆ కథలన్నీ ఇంటికొచ్చి నా భార్యకు చెప్పాను. ఆమె కూడా నవ్వింది.

కెమెరా చూడ్డానికి బాగానే ఉంది గానీ షట్టరు నడవలేదు. లెన్సు వెనక ఐదు పల్చటి రేకులు పువ్వు విచ్చుకున్నట్టు తెరుచుకొని మూసుకోవాలి. ఇవి తెరుచుకుంటే మూసుకోవు. ఆ రేకులు పొడిగా ఉండాలి. చుక్క నూనె తగిలినా ఒకదానికొకటి అతుక్కుంటాయి. ఈ సంగతి నాకు తెలుసు, ఆమెకు నేను ఎప్పుడూ చెప్పలేదు. నెలరోజులు పెట్రోలుతో తుడిచాను, ఆరబెట్టాను, తిట్టాను. చివరికి ఒకరోజు ముందు లెన్సు విప్పి, రేకులు బయటికి కనబడేలా బల్ల మీద పెట్టి, దుమ్ము పడకుండా స్టీలు గిన్నె బోర్లించి షిఫ్టుకు వెళ్లాను.

పుష్యమాసం, చలికి కొబ్బరి నూనె సీసాలో తెల్లగా గడ్డకట్టే రోజులు. షిఫ్టు దిగి పొద్దున్నే ఇంటికొచ్చి గిన్నె ఎత్తి మీట నొక్కాను. రేకులు కదల్లేదు. టార్చి వేసి చూస్తే ఐదింటి మీదా తెల్లటి కొవ్వు. సందుల్లో, స్ప్రింగుల్లో, పళ్లచక్రాల్లో, అంతటా అదే. వాసన చూడాల్సిన పని లేకపోయింది.

"ఇదేటి?" అన్నాను.

వంటగదిలోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చింది. ఆమె ముఖంలో సంతోషం ఉంది. అదే నన్ను ఇప్పటికీ తినేస్తుంది.

"నానే ఏసినాను బావా, నిన్న నువ్వెల్లాక. కోడీకతోటి సుక్కసుక్కా ఏసినాను. నెల్రోజుల్నించీ కదల్దు కదల్దు అని సంపుకుంటన్నావు గదా. ఏసీసరికి టిక్కుటిక్కుమని బాగానే కొట్టుకున్నాది."

కెమెరాకు పాత తోలు పట్టీ ఉంది. దాన్ని చేతికి ఒక చుట్టు చుట్టుకున్నాను. కోపంలో ఏం చేశానో తెలియలేదని తర్వాత చాలామందితో అన్నాను. అది అబద్ధం. చుట్టుకునేంత తెలివి ఉన్నవాడికి మిగతాది తెలియకుండా ఎలా పోతుంది? చుట్టుకొని, చెయ్యి వెనక్కి తీసి, ఊపి కొట్టాను. కేజీ బరువున్న లోహపు పెట్టె ఆమె ఎడమ కనుబొమ పైన తగిలింది. కొబ్బరికాయ కొట్టినప్పటి చప్పుడు వచ్చింది.

ఆమె పడిపోలేదు. తలుపు రెక్క పట్టుకొని నిలబడింది. నెత్తురు కంటి మీదుగా చెంప మీదికి, మెడ మీదికి, జాకెట్టు మీదికి దిగింది. నేను ముందు కెమెరా వైపు చూశాను. మూల సొట్టపోయింది, అద్దాలు పగల్లేదు. ఆమె వైపు చూసింది ఆ తర్వాత. నేను దేన్ని ముందు చూశానో ఆమె గమనించింది.

"పగల్నేదు గదా?" అంది.

కెమెరాను మంచం కిందికి విసిరేసి ఆమెను ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్లాను. ఏడు కుట్లు పడ్డాయి. ఎలా తగిలిందని డాక్టరు అడిగితే బాత్రూంలో జారిపడ్డానంది. నేను పక్కన నిలబడి తలూపాను. విశాఖపట్నంలో నర్సింగు చదువుతున్న మా అమ్మాయికి కూడా ఫోనులో అదే చెప్పింది. కుట్లు తియ్యడానికి ఎనిమిదో రోజు రమ్మన్నారు. బయటికొచ్చాక ఇంటికి బేరమాడబోతుంటే ఆమె నన్ను ఆపి, కంచిలి బస్సు ఎక్కడాగుతుందని ఆటో అతన్ని అడిగింది.

"నువ్వు రాకు," అంది నాతో. అంతే అంది.

మర్నాడు పది గంటలకు నా బావమరుదులు ఇద్దరూ వచ్చారు. చేతిలో పచ్చి కొబ్బరి మట్టలు. ఎండు మట్ట విరిగిపోతుంది, పచ్చిది నీటి బరువుతో కండను లోపలికంటా నలగ్గొడుతుంది. వీధి మొత్తం చూస్తుండగా నన్ను గుమ్మంలోంచి ఈడ్చి రోడ్డు మీద వేసి కొట్టారు. నేనూ ఊరుకోలేదు. చిన్నవాడి చెవి కొరికితే నోట్లో ఉప్పగా నెత్తురు తగిలింది. నిజం చెప్పాలి, ఆ క్షణం నాకు సుఖంగా ఉంది. కొట్టడం, కొట్టించుకోవడం నాకు తెలిసిన పని. పెద్దవాడు మోకాలు నా మెడ మీద పెట్టాడు.

"నీకు పెల్లాం కంటే ఆ కెమెరాలెక్కువేటి బావా?" అన్నాడు. "ఏదీ, ఎన్నున్నాయి సూద్దుం."

లోపలికెళ్లి బీరువా తలుపు పీకేశాడు. పన్నెండేళ్లుగా పోగేసినవి ఒక్కొక్కటే వీధిలోకి వచ్చాయి. గోడకు తగిలి పగిలేవి కొన్ని, రోడ్డు మీద దొర్లి పగిలేవి కొన్ని. మడత కెమెరా ఒకటి గాల్లోనే తెరుచుకుంది. దాన్ని అందుకోవాలని చెయ్యి చాస్తే పెద్దవాడు ఆ చేతి మీద కాలేసి తిప్పాడు. కుడిచేతి ఉంగరపు వేలు టప్పుమంది. అప్పుడు మాత్రం అరిచాను. వేలికి అరిచానో కెమెరాకు అరిచానో ఇప్పటికీ చెప్పలేను.

మంచం కింద ఉన్నది ఒక్కటే మిగిలింది. వాళ్లు దాన్ని చూడలేదు.

నాలుగో రోజు వాళ్ల ఊళ్లో తుఫాను షెల్టరు అరుగు మీద పెద్దమనుషులు కూర్చున్నారు. నేను వేలికి కట్టుతో, ఆమె నుదుటికి కట్టుతో, చిన్న బావమరిది చెవికి కట్టుతో వచ్చాం. ముగ్గురినీ చూసి ఒక ముసలాయన నవ్వు ఆపుకోవడానికి దగ్గాడు. ఇంకెప్పుడూ చెయ్యెత్తనని కాయితం రాసిచ్చి భార్యను తీసుకెళ్లమన్నారు. నేను వెంటనే సరేనన్నాను. కాయితంతో పోతుందంటే ఎవరికి చేదు?

"కాయితం నాకొద్దు," అంది ఆమె.

మరేటి కావాలమ్మా అని అడిగారు.

"కాయితం రాసీసి బీరువాలో పెట్టీసుకుంటాడు. ఈ దెబ్బ మానిపోతాది. మానిపోనాక కొట్టనేదంటాడు. నాకు దెబ్బల ఫొటో కావాల."

ఎవరో సెల్‌ఫోను తీశారు. ఆమె చెయ్యి అడ్డం పెట్టింది.

"సెల్లుతో కాదు. దేంతో కొట్టినాడో దాంతోనే తియ్యాల. కొట్టినోడే తియ్యాల. కుట్లు ఊడదీసీలోపు తియ్యాల. పెద్దది సేయించి పలాసలో మా ముందుగదిలో మేకు కొట్టి తగిలించాల. ఎవులైనా సూసి ఎవులు కొట్టినారని అడిగితే నాను సెప్పను, ఈడే సెప్పాల. అలాగైతే వత్తాను. నేకపోతే రాను."

అరుగు మీద నవ్వులు లేచాయి. ఒకాయన "బాగుందమ్మా నీ తీర్పు" అన్నాడు. నేను నవ్వలేదు. చెవుల్లోంచి ఆవిరి వచ్చినంత కోపం వచ్చింది. దెబ్బలు తిన్నాను, వేలు విరిగింది, కెమెరాలన్నీ పోయాయి, ఇంకా ఏం కావాలి ఈమెకు? నా ఇంటి గోడ మీద నా పరువు వేలాడదీస్తుందా? లేచి, ఎవరికీ చెప్పకుండా నడుచుకుంటూ రోడ్డెక్కి బస్సెక్కాను. సోంపేట దాటేదాకా ఆమెను వదిలేద్దామనే అనుకున్నాను.

ఇంట్లో మర్నాటికి అన్నం మాడింది. అన్నం సంగతి పక్కన పెట్టండి. ఆమె లేని ఇంట్లో నా గొంతు వినడానికి ఎవరూ లేరు. ఎవరి మీదా పడని కోపం గోడల్లోంచి తిరిగి నా మీదికే వచ్చేది. నాకు భయమేసింది. ఆమె అన్నంత పని చేస్తుందని, రాదని, మొదటిసారి అప్పుడు తెలిసింది. మంచం కింద చెయ్యిపెట్టి కెమెరా బయటికి లాగాను. సొట్టపోయిన మూల తోలు మీద ఆమె నెత్తురు ఎండి నల్లగా ఉంది. కుట్లు తియ్యడానికి ఇంకా మూడు రోజులున్నాయి.

బాగున్న చేతులకే కష్టమైన పని అది. విరిగిన వేలు చెక్కకు కట్టి ఉంది, పక్క రెండు వేళ్లు వాచాయి. షట్టరు మొత్తం విప్పాను. పళ్లచక్రాలు పెట్రోలులో ముంచాను. గడ్డకట్టిన నూనె కరిగి గిన్నె అడుగున పసుపుగా పేరుకుంది. రేకుల్ని ఒక్కొక్కటే పాత లుంగీ గుడ్డతో తుడిచి కాయితం మీద పరిచాను. మొత్తం ఐదు, ఒక్కోటి గోరంత. వాటిని మళ్లీ ఒకదాని మీద ఒకటి పేర్చాలి. నాలుగు కూర్చుంటే ఐదోది జారుతుంది. ఐదోది కూర్చుంటే మొదటిది లేస్తుంది. మధ్యాహ్నానికి పదకొండోసారి జారింది.

సుత్తి తీశాను. ఆ సుత్తి ఎత్తినప్పుడు నా మనసులో ఉన్నది కెమెరా కాదు. ఆమె ముఖమే ఉంది. ఈ మాట రాయడానికి చెయ్యి రావడం లేదు, కానీ ఉన్నది ఉన్నట్టే రాయాలి. నన్ను ఇలా కూర్చోబెట్టినందుకు ఆమెను ఇంకోసారి కొట్టాలనిపించింది. సుత్తి బల్ల మీద పడింది. బల్ల పలక చీలింది, రేకులు ఎగిరాయి.

నాలుగు దొరికాయి. ఐదోది దొరకలేదు. బల్ల కింద ఒక గోనెసంచి ఉంది. ఫ్యాక్టరీలో పని అయ్యాక అదనంగా ఆమె ఇంటికి తెచ్చుకొని వలిచే జీడిపప్పు తాలూకు పొట్టు అది, పొయ్యిలోకి దాచుకుంటుంది. సంచి మూతి తెరిచే ఉంది. నేల మీద కూర్చొని పొట్టంతా చాటలో పోసి పిడికెడు పిడికెడు చెరిగాను. ఎర్రటి పల్చటి పొట్టు. ప్రతి పొరా ఆమె గోటితో వలిచిందే. నాలుగేళ్లుగా ఆ సంచి నిండడం, ఖాళీ అవడం చూశాను గానీ అందులో ఎంత పని ఉందో నాకు ఎప్పుడూ తట్టలేదు. సాయంత్రం దాకా చెరిగితే అడుగున ఎక్కడో రేకు తళుక్కుమంది. నాకు ఏడుపొచ్చింది. ఎవరూ చూడకపోయినా ముఖం తుడుచుకున్నాను.

ఏడో రోజు పొద్దున షట్టరు కొట్టుకుంది. వంద సార్లు నొక్కి చూశాను. ఫ్రిజ్‌లో దోసెలపిండి పక్కన దాచిన తెలుపు నలుపు ఫిల్ము ఎక్కించుకొని కంచిలి బస్సెక్కాను.

వాళ్ల పెరట్లో ప్లాస్టిక్ కుర్చీ వేసుకొని ఆమె గోడకు ఆనుకొని కూర్చుంది. బావమరుదులు ఇద్దరూ బావి గట్టు మీద ఉన్నారు, ఒకడి చేతిలో కత్తి ఉంది, కాయలు కొడుతున్నాడు. మా అత్త గుమ్మంలో నిలబడింది. ఎవరూ మంచినీళ్లివ్వలేదు. ఆమె తనే కట్టు విప్పుకుంది. అప్పటిదాకా ఆ దెబ్బను నేను సరిగ్గా చూడనే లేదు. కనుబొమ సగం గొరిగేశారు. చర్మం ఊదారంగుకు తిరిగి, కన్ను వాచి, నల్లదారాలు ఏడు నిక్కబొడుచుకొని ఉన్నాయి.

ఆ కెమెరాతో ఫొటో తియ్యాలంటే మనిషి ముందు తల వంచాలి. మూత తెరిచి, కిందికి అద్దంలోకి చూడాలి. బొమ్మ స్పష్టం కావడానికి చిన్న భూతద్దం ఉంటుంది, దాని మీద కన్ను ఆనించి కుట్ల మీద ఫోకసు తిప్పాను. మొదట మసకగా ఉంది. తిప్పుతుంటే ఒక్కొక్క దారం తేలింది, చర్మంలోకి దిగిన చోటు తేలింది, దాని పక్కన ఎండిన నెత్తురు తేలింది. స్పష్టంగా కనిపించేదాకా చూడక తప్పదు. మనిషిని కొట్టడానికి చూడాల్సిన పనిలేదు, ఫొటోకు చూడాలి.

"కదల్తన్నాది నీ సెయ్యి," అంది ఆమె. "నిబ్బరంగా తియ్యి."

తీశాను. ఇక లేస్తుందనుకున్నాను.

"ఇంకొకటి తియ్యి. ఎన్ని పడతాయి అందులో?"

"పన్నెండు."

"పన్నెండూ తియ్యి."

పన్నెండు అయ్యేదాకా ఆమె కళ్లు ఆర్పకుండా లెన్సులోకే చూసింది. ఆఖరుది తీసేసరికి కాయలు కొట్టే చప్పుడు ఆగిపోయి ఉంది. పెద్ద బావమరిది కొబ్బరిబోండం ఒకటి తెచ్చి నా పక్కన పెట్టి వెళ్లిపోయాడు.

బాత్రూం కిటికీకి దుప్పటి కట్టి ఫిల్ము కడిగాను, పెద్ద ప్రింటు వేశాను. దేవుడి పటాలకు అద్దం కట్టే షాపుకు తీసుకెళ్తే ఆయన ఫొటో చూసి గొంతు తగ్గించాడు.

"ఎప్పుడు పోనారు బాబూ?"

"పోలేదు. నా భార్య. నేను కొట్టేను."

ఆ మాట మొదటిసారి నోటితో అన్నది అక్కడే. ఆయన ఫొటోను, నన్ను ఒకసారి చూశాడు. "నల్ల ఫ్రేమా, బంగారం రంగా?" అని అడిగాడు. నల్లదన్నాను.

ఆమె వచ్చింది. మేకు నేనే కొట్టాను. ముందుగదిలో గుమ్మానికి ఎదురుగా, ఎవరు వచ్చినా ముందు అదే కనబడుతుంది. మా వీధిలో ఒకావిడ చూసి "ఓలమ్మ, ఎవులు కొట్టినారు?" అని ఆమెను అడిగింది. ఆమె గడ్డంతో నా వైపు చూపించింది. నేను చెప్పాను. గ్యాసు బండ తెచ్చినతను అడిగాడు, చెప్పాను. ఫ్యాక్టరీ మేనేజరు పెళ్లి కార్డు ఇవ్వడానికి వచ్చి అడిగాడు, చెప్పాను. మొదట్లో ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలిసేది కాదు. రానురాను నాలిక అలవాటుపడింది. "నేనే కొట్టేనండీ, ఒక్క క్షణం కోపం, బుద్ధొచ్చింది" అని గడగడా చెప్పేసేవాణ్ని. విన్నవాళ్లు "పోనీలే, ఒప్పుకున్నావు, మగాడివి" అనేవాళ్లు. ఆ మాట నాకు నచ్చడం మొదలైంది. నా అంత నిజాయితీపరుడు పలాసలో ఇంకొకడు లేడని లోపల అనుకున్న రోజులు కూడా ఉన్నాయి. అలా అన్నప్పుడల్లా నా భార్య లేచి వంటగదిలోకి వెళ్లిపోయేది. ఎందుకెళ్తుందో నేను అడగలేదు.

వేసవి సెలవులకు మా అమ్మాయి వచ్చింది. చెప్పులు విప్పి, సంచి దించి, తలెత్తింది. చాలాసేపు ఫొటో ముందు నిలబడింది. తర్వాత తల్లి దగ్గరికెళ్లి నుదుటి మీద మచ్చను వేలితో తడిమింది. నర్సింగు నేర్చుకుంటున్న వేలు అది, ఎక్కడ నొక్కాలో తెలుసు.

"బాత్రూంలో జారి పడ్డావన్నావు గదమ్మా," అంది. తల్లి జీడిపప్పు వలుస్తూ నా వైపు చూసింది.

"నేనే కొట్టేనమ్మా," అన్నాను. "ఒక్క క్షణం కోపం. బుద్ధొచ్చింది."

మా అమ్మాయి తలూపింది. ఏడవలేదు, అరవలేదు. వాళ్లమ్మ పక్కన నేల మీద కూర్చుంది.

"నాను ఆరో తరగతిలో ఉన్నప్పుడు అమ్మ సెయ్యి విరిగింది," అంది. "బావి గట్టు మీద జారిందన్నారు. మన ఇంటికి బావి ఎక్కడుంది నాన్నా?"

ఇంతవరకు ఈ సంగతి రాయలేదు. రాయకుండానే ఇదంతా ముగించొచ్చనుకున్నాను. ఆరోజు కెమెరా లేదు, కూర ఉప్పగా ఉందన్న సంగతి తప్ప ఇంకేమీ లేదు. మా అమ్మాయి అప్పుడు ఏడుస్తూ మంచం కింద ఉంది, ఏమీ చూడలేదని నేను నమ్మాను. గోడ మీది ఫొటో అద్దంలోంచి నా భార్య ముఖం మా ముగ్గురినీ చూస్తూ ఉంది. దాని కింద నా భార్య పప్పు వలవడం మానేసింది.

"అది కూడా నేనే," అన్నాను.

ఈసారి బుద్ధొచ్చిందన్న మాట అనలేకపోయాను.

మా అమ్మాయి తల్లి ఎడమ చెయ్యి ఒళ్లోకి తీసుకుంది. గాజులు పైకి జరిపింది. మణికట్టు దగ్గర ఎముక వంకరగా అతుక్కున్న చోటును కిటికీ వెలుతురు వైపు తిప్పి పట్టుకుంది.

"కెమెరా తే నాన్నా," అంది.

తెచ్చాను.